రోడ్డెక్కితే బెదిరే గుర్రం: లారీల మధ్య సవారీ ఎలా?

బేలరోడ్డు_నవీన్
పోయిన మాళేగావ్ యాత్రలో, అదే నాందేడ్ వైపు జరిగే పశువుల సంతలో, ఒక ఆడ గుర్రాన్ని కొన్నాం. మార్వాడీ జాతి క్రాస్, అయిదేళ్లదని చెప్పారు. పేరు చాందిని. చేలో ఉన్నంతసేపూ బంగారం. మా అన్న పిల్లలు జూలు పట్టుకుని ఎక్కినా కదలదు. రోడ్డెక్కితే చాలు, వణుకు మొదలవుతుంది. మాది ఆదిలాబాద్ జిల్లా జైనథ్ దగ్గర పల్లె. గడ్‌చాందూర్ వైపు నుంచి సిమెంటు లారీలు ఈ బేల రోడ్డు మీదుగానే వస్తాయి. వెనక లారీ మోత వినపడగానే ఒక చెవి వెనక్కి తిప్పుతుంది, వీపు బిగదీస్తుంది, తల పైకెత్తేసి అడ్డంగా నడుస్తుంది. మొన్న పత్తి బస్తాల బొలెరో మీద పరదా పటపటా కొట్టుకునేసరికి ఒక్క గెంతులో నడిరోడ్డు మీదికి వెళ్లింది. ఎదురుగా బస్సు. డ్రైవరు ముందే నెమ్మది చేశాడు కాబట్టి బతికిపోయాం.

ఇంటికీ చేనుకీ మధ్య కొంత దూరం రోడ్డు తప్పదు. మధ్యలో హైవే కింద అండర్‌పాస్ ఒకటి ఉంది, అక్కడైతే అడుగు ముందుకు వెయ్యదు. అమ్మ అమ్మెయ్యమని పోరుతోంది. నాకు అమ్మాలని లేదు. రోడ్డు మీద దీన్ని ఎలా పట్టుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

గుర్రమంటే_ప్రాణం
నీ గుర్రానికి నువ్వంటే లెక్క లేదు తమ్ముడూ. అంతే. కాంటా కళ్లెం, అదే ముళ్లున్న కళ్లెం వెయ్యి, రెండు రోజుల్లో దారికొస్తుంది. మా వైపు బారాత్ గుర్రాలన్నిటికీ అదే.

కిన్వట్_కోడలు
నవీన్, ముందుగా ఒక మాట. దాన్ని రోడ్డు మీద సరిచేద్దామని చూడకు. రోడ్డు పరీక్ష పెట్టే చోటు, పాఠం చెప్పే చోటు కాదు. మా మామగారు ఏటా మాళేగావ్ వెళ్తారు. ఏ గుర్రం తెచ్చినా ముందు కొన్నాళ్లు రోడ్డు పక్క చేలో మేపుతారు తప్ప తారు మీద కాలు పెట్టనివ్వరు.

కాంటా కళ్లెం సంగతి పశువుల డాక్టర్ గారే చెప్పాలి.

రాజురా_పశువైద్యుడు
కాంటా కళ్లెం వద్దు. ఇది సలహా మాత్రమే కాదు, చట్టం కూడా. బండి, బరువు పశువుల మీద 1965లో చేసిన నియమాల్లోనే ముళ్లున్న కళ్లెం, ముళ్లున్న కర్ర వాడకూడదని ఉంది.

చట్టం పక్కన పెట్టినా, ఒకసారి దాని నోరు తెరిచి చూడండి. ముందు పళ్లకీ దవడ పళ్లకీ మధ్య పళ్లు లేని ఖాళీ ఉంటుంది. కళ్లెం కూర్చునేది అక్కడే. అక్కడ ఎముక మీద పల్చటి పొర తప్ప ఇంకేమీ ఉండదు. ముల్లు దిగితే గుర్రం ఆగదు, నొప్పి నుంచి పారిపోవాలని చూస్తుంది. తల ఎత్తేస్తే కళ్లెం పట్టు జారుతుందని త్వరగానే కనిపెడుతుంది. నవీన్ గారి గుర్రం ఇప్పటికే తల ఎత్తుతోందంటే నాకు మొదటి అనుమానం నోటి మీదే. రోడ్డు పాఠాలకి ముందు మూడు చూపించుకోండి: ఒకటి నోరు, పళ్లు; రెండు జీను కింద వీపు, వేలితో నొక్కితే ముడుచుకుంటోందా అని; మూడు కళ్లు, రెండూ. ఒక కంటికి పొర ఉన్నా ఆ వైపు నుంచి వచ్చేదానికి బెదురుతుంది.

గుర్రమంటే_ప్రాణం
డాక్టర్ గారూ, నేను ఊరికే అనలేదు. గుర్రం అదుపు తప్పితే పోయేది మనిషి ప్రాణం. మెత్తని కళ్లెంతో లారీ ముందు ఆపగలరా?

రిటైర్డ్_సవారు
ఏ కళ్లెంతోనూ ఆపలేరు బాబూ. నాలుగు క్వింటాళ్ల జంతువు పారిపోవాలని నిర్ణయించుకున్నాక మన చేతుల బలం ఏపాటిది? పని అంతా అది ఆ నిర్ణయానికి రాకముందే జరగాలి. హైదరాబాద్‌లో పోలీసు గుర్రపు దళంలో పని చేశాను, ఇప్పుడు నిర్మల్‌లో ఉంటున్నాను. ఊరేగింపుల్లో, జనంలో, టపాసుల్లో నిలబడే గుర్రాలు పుట్టుకతో ధైర్యంగా ఉండవు. డప్పు మైదానం అవతలి కొసన మొదలవుతుంది. గుర్రం మేత నమిలినంతసేపూ డప్పు దగ్గరికి వస్తుంది. నమలడం ఆపితే డప్పు ఆగుతుంది. ఇంతకు మించి రహస్యం ఏమీ లేదు, ఓపిక కావాలి.

నవీన్, లారీలు కనపడే చేను నీకుంది. అది వరం. రోడ్డుకి ఎంత దూరంలో నిలబడితే చాందిని తల దించి గడ్డి పీకుతుందో చూడు. అక్కడ మొదలుపెట్టు. రోజూ కాస్త. చెవులు రెండూ రోడ్డు వైపు నిక్కబొడుచుకుని ఊపిరి బిగబట్టిందంటే నువ్వు ఎక్కువ దగ్గరికి తెచ్చావని అర్థం. వెనక్కి తీసుకెళ్లు. పెదాలు చప్పరించి, తల దించి, బుస్సున గాలి వదిలిందంటే ఆ రోజుకి చాలు, ఇంటికి తీసుకుపో.

కట్టేసి మాత్రం ఇది చెయ్యకు. పొడవాటి తాడుతో చేత్తో పట్టుకో. కట్టేసిన గుర్రం బెదిరితే వెనక్కి గుంజుకుని మెడ దెబ్బ తగిలించుకుంటుంది.

బరంపురం_బావ
మా తాతకి బరంపురంలో జట్కా ఉండేది. ఆయన గుర్రానికి గంతలు కట్టేవాడు, పక్కన రైలింజను పోయినా పట్టించుకునేది కాదట. నవీన్ కూడా గంతలు కడితే పోలేదా?

రిటైర్డ్_సవారు
బండి గుర్రం వేరు బావగారూ. దానికి వెనక బండి ఉంటుంది, అడ్డంగా తిరగడానికి చోటుండదు, చిన్నప్పటి నుంచి గంతలతోనే నేర్పుతారు. సవారీ గుర్రానికి గంతలు కడితే లారీ కనపడదు కానీ వినపడుతుంది. కనపడని చప్పుడు దానికి ఇంకా భయం. తీరా లారీ గంత దాటి కంటి ముందుకి వచ్చేసరికి చాలా దగ్గర్లో ఉంటుంది.

రాజురా_పశువైద్యుడు
దీనికి తోడు ఇంకోటి. గుర్రానికి కళ్లు తల పక్కల ఉంటాయి. ఇంచుమించు చుట్టూరా కనపడుతుంది, నుదురు ముందు కొంచెం, తోక వెనక కొంచెం మాత్రమే కనపడదు. మీ లారీ ఆ తోక వెనక నుంచి వస్తోంది. చెవితో విని, కంటితో చూడలేక, తల తిప్పి చూద్దామని అడ్డంగా నడుస్తోంది. పొగరు కాదది.

అండర్‌పాస్ విషయం కూడా కళ్లదే. ఎండలోంచి చీకట్లోకి వెళ్తే సర్దుకోవడానికి గుర్రం కంటికి మనకన్నా ఎక్కువ సేపు పడుతుంది. మీకు లోపల దారి కనపడుతుంది, దానికి నల్లటి గుంట కనపడుతుంది. అండర్‌పాస్ మొదట్లో నిలబెట్టి, తల దించి వాసన చూసుకునే దాకా ఆగండి. మిట్టమధ్యాహ్నం కాకుండా బయటి వెలుగు, లోపలి వెలుగు దగ్గర దగ్గరగా ఉన్న పొద్దున మొదలుపెట్టండి.

బేలరోడ్డు_నవీన్
డాక్టర్ గారూ, మధ్యాహ్నం అన్నం వేళకే ఎప్పుడూ తీసుకెళ్తున్నాను. ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. ఇంకో అనుమానం. చేనుకి వెళ్లేటప్పుడు మైలురాయి పక్కన సిమెంటు పైపుల కుప్ప దాటి బుద్ధిగా పోతుంది. తిరిగొచ్చేటప్పుడు అదే కుప్పకి మళ్లీ బెదురుతుంది. ఎందుకు?

కిన్వట్_కోడలు
అవతలి వైపు నుంచి చూస్తే ఆ కుప్ప దానికి కొత్త వస్తువే. మావాటికీ అంతే. అందుకే మా మామగారు ఏదైనా చూపిస్తే రెండు వైపుల నుంచీ చూపిస్తారు, ఎడమ పక్క నుంచి ఒకసారి, కుడి పక్క నుంచి ఒకసారి. ట్రాక్టరు అలవాటు చెయ్యడం కూడా మెట్లు మెట్లుగానే. ముందు ఆపి ఉన్న ట్రాక్టరు చుట్టూ తిప్పుతారు, దాని మడ్‌గార్డు మీద బెల్లం ముక్క పెట్టి తినిపిస్తారు. తర్వాత ఇంజను ఆన్ చేసి దూరంగా. తర్వాత ట్రాక్టరు ముందు పోతుంటే గుర్రం దాని వెనకాల నడవాలి. వెళ్లిపోతున్నదాన్ని వెంబడిస్తే గుర్రానికి ధైర్యం వస్తుంది. చివరికి ఎదురు రావడం, అన్నిటికన్నా ఆఖర్న వెనక నుంచి రావడం. ఈ వరస మార్చకు.

పరదా భయానికి, యూరియా సంచులు దడికి కట్టు. గాలికి కొట్టుకుంటూ ఉంటాయి. మేత వాటికి దూరంగా పెట్టి రోజూ కాస్త దగ్గరికి జరుపు.

లారీ_44
ఆ రోడ్డు మీద బండి నడిపేవాణ్ణి నేను. మా వైపు మాట కూడా వినండి. గుర్రం కనపడితే హారన్ కొట్టేది కొవ్వెక్కి కాదు. ఎద్దులబండికి కొట్టినట్టే, పక్కకి తప్పుకుంటుందని కొడతాం. హారన్‌కి గుర్రం మీదికి వస్తుందని మాలో చాలామందికి తెలియదు. ఈ చర్చ చూసేదాకా నాకూ ఇంత తెలియదు.

లోడు బండి అనుకున్నచోట ఆగదు. కాబట్టి మీరు చెయ్యి చూపించేది దూరం నుంచే చూపించండి. చెయ్యి బాగా చాచి, అరచెయ్యి కిందికి పెట్టి నెమ్మదిగా పైకీ కిందికీ ఊపితే ఎవడికైనా అర్థమవుతుంది. ఇంకొకటి, ఆపిన లారీ పక్క నుంచి గుర్రాన్ని తీసుకెళ్లకండి. ఎయిర్ బ్రేకు గాలి వదిలితే ఫుస్సుమని పెద్ద చప్పుడొస్తుంది. మనుషులే ఉలిక్కిపడతారు. ఎడమ పక్క, అంటే క్లీనరు వైపు, దగ్గరగా ఉన్నది మాకు సరిగ్గా కనపడదు. గుర్రం కనపడినా దాని పక్కన నడిచే మనిషి కనపడడు.

బరంపురం_బావ
లారీ అన్న వచ్చాక చర్చకి హెడ్‌లైట్లు వెలిగాయి.

నిర్మల్_వకీలు
డ్రైవర్లకి తెలియాల్సింది, గుర్రం వాళ్లకీ తెలియాల్సింది. 1988 మోటారు వాహనాల చట్టంలో 132వ సెక్షన్ చూడండి. పశువు వెంట ఉన్న మనిషి, ఆ వాహనానికి అది బెదిరి అదుపు తప్పుతుందని అనుకుని ఆపమని అడిగితే, డ్రైవరు బండి ఆపి తగినంతసేపు నిలబడాలి. పశువు అంటే ఏమేమిటో కూడా అక్కడే రాశారు. గుర్రం, గొడ్లు, ఏనుగు, ఒంటె, గాడిద, కంచరగాడిద, గొర్రె, మేక. అంటే నవీన్ చెయ్యెత్తి ఆపమనడం బతిమాలుకోవడం కాదు, హక్కు. చెవులు చిల్లులు పడేలా వరసగా రకరకాల స్వరాలు పలికే మల్టీటోన్ హారన్లు లారీలకి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం అసలే పెట్టుకోకూడదు.

రెండో వైపు కూడా ఉంది. పశువు వల్ల ఎదుటివాళ్లకి ప్రమాదం రాకుండా యజమాని జాగ్రత్త పడకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. బెదురుతుందని తెలిసి కూడా రద్దీ రోడ్డు మీదికి తీసుకెళ్లడం ఎవరికీ మంచిది కాదు.

గుర్రమంటే_ప్రాణం
సెక్షన్ చదివి వినిపిస్తే లారీ ఆగుతుందా వకీలు గారూ?

నిర్మల్_వకీలు
ఆగదు. ప్రమాదం జరిగాక తప్పెవరిదని అడిగినప్పుడు పనికొస్తుంది. ఆగడానికి లారీ అన్న చెప్పిన చెయ్యే పనికొస్తుంది. రెండూ తెలిసి ఉండాలి.

ముంచంగిపుట్టు_మాస్టారు
మా ఏజెన్సీలో గుర్రం మీద తిరగడం షోకు కాదండి. రోడ్డు లేని కొండ ఊళ్లకి బియ్యం, ఉప్పు, నూనె తట్టు గుర్రాల మీదే, అంటే పొట్టి గుర్రాల మీదే ఎక్కుతాయి. అల్లం, పసుపు, కాఫీ గింజలు వాటి మీదే సంతకి దిగుతాయి. అవతల ఒడిశా ఊళ్ల వాళ్లూ అలాగే వస్తారు. ఇవి ఘాట్ రోడ్డు మీద బస్సులకి ఎదురు పడుతూనే ఉంటాయి. నేను చూసినంతలో మా వాళ్ల పద్ధతి రెండు ముక్కలు. ఒకటి, కొత్త గుర్రాన్ని ఎప్పుడూ ఒంటరిగా తేరు. అనుభవమున్న ముసలి గుర్రం ముందు నడుస్తుంది, కొత్తది దాని తోక వెనకే. బస్సు వస్తే కొత్తది చూసేది బస్సుని కాదు, ముసలిదాన్ని. అది నడుస్తూనే ఉంటే ఇదీ నడుస్తుంది. రెండు, మలుపులో బస్సు చప్పుడు వినపడితే కొండ గోడ వైపు ఆపుతారు, లోయ వైపు ఎన్నటికీ ఆపరు. అది బెదిరి వెనక్కి జరిగినా గోడకి ఆనుకుంటుంది.

బరువు గురించి ఒక మాట, అడగకపోయినా. తట్టు మీద 70 కిలోలు దాటి వెయ్యకూడదని డాక్టర్ గారు చెప్పిన ఆ 1965 నియమాల్లోనే ఉంది. బరువెక్కువైన గుర్రం కాళ్లు తడబడి కూడా బెదురుతుంది.

రిటైర్డ్_సవారు
మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. నవీన్, మీ చుట్టుపక్కల రోడ్డు అలవాటున్న గుర్రం ఎవరిదైనా ఉందా? మొదట అది ముందు, చాందిని వెనక. కుదురుకున్నాక పక్కపక్కన, రోడ్డు వైపు ఆ గుర్రం, చేల వైపు చాందిని. దానికీ లారీకీ మధ్య ఒక నిబ్బరమైన గుర్రం ఉంటే సగం భయం పోతుంది. రోడ్డు ఇరుకైతే మళ్లీ ఒకదాని వెనక ఒకటి.

బేలరోడ్డు_నవీన్
పక్క ఊళ్లో పెళ్లి గుర్రం ఒకటుంది బాబాయ్, తెల్లది. బ్యాండుకీ బాంబులకీ కదలదు.

బరంపురం_బావ
జాగ్రత్త తమ్ముడూ, హారన్ వింటే అది డాన్సు మొదలుపెడుతుందేమో. చాందిని కూడా నేర్చుకుంటే బేల రోడ్డు మీద రోజూ బారాతే.

కిన్వట్_కోడలు
😄 కానీ పెళ్లి గుర్రం మంచి తోడే. ముందు అది లారీలకి ఎలా ఉందో ఒకసారి చూసుకో. బ్యాండు అలవాటున్నంత మాత్రాన లారీ అలవాటున్నట్టు కాదు.

ఉట్నూరు_పిల్లోడు
మా ఊళ్లో ఒకాయన జాతరకి పోయే ముందు గుర్రానికి మత్తు ఇంజెక్షన్ వేయిస్తాడు. మంచిగ ఉంటది, ఏం బెదరదు. నవీన్ అన్న కూడా ట్రై చెయ్యొచ్చు కదా?

రాజురా_పశువైద్యుడు
వద్దు. మత్తులో ఉన్న గుర్రానికి కాళ్లు తడబడతాయి, తారు మీద మోకాళ్ల మీద పడుతుంది. పైగా మత్తు భయాన్ని తీసెయ్యదు, ఒళ్లు మాత్రమే బరువెక్కిస్తుంది. పెద్ద చప్పుడైతే ఒక్కసారిగా ఎగురుతుంది, అప్పుడు దానికే అదుపు ఉండదు. ఎక్కువగా వాడే ఎసిప్రొమజిన్ అనే మత్తు మందు వల్ల మగ గుర్రాలకి అంగం పక్షవాతం వచ్చే ప్రమాదం కూడా ఉంది. గాయానికి కుట్లు వెయ్యడానికి, పళ్లు అరగదియ్యడానికి మేం వాడతాం, సవారీకి కాదు. జాతర కోసం మందో, నల్లమందో పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. చూస్తే కడుపు మండిపోతుంది.

సంతలో కొనేటప్పుడూ ఇది గుర్తుంచుకోండి. మరీ మందంగా, కళ్లు సగం మూసుకుని నిలబడ్డ గుర్రాన్ని సాయంత్రం మళ్లీ వెళ్లి చూడండి.

లారీ_44
డాక్టర్ గారు చెప్పింది డ్రైవర్లకీ వర్తిస్తుంది. మత్తులో రోడ్డెక్కేది ఎవడైనా ఒకటే.

గుర్రమంటే_ప్రాణం
సరే, కళ్లెం విషయంలో డాక్టర్ గారి మాట ఒప్పుకుంటున్నా. కానీ ఒకటి అడుగుతా. బెదిరినప్పుడు దిగాలా, పైనే ఉండాలా? నా లెక్క ప్రకారం దిగకూడదు. ఒకసారి దిగితే, బెదిరితే మనిషి దిగిపోతాడని అది నేర్చుకుంటుంది. తర్వాత రోజూ అదే నాటకం.

కిన్వట్_కోడలు
నేను ఒప్పుకోను. గుర్రం నాటకాలాడదు, భయపడుతుంది. పది మంది మధ్య గొప్ప కోసం పైన కూర్చుని లారీ కింద పడేకంటే దిగి నడిపించడం నయం.

గుర్రమంటే_ప్రాణం
అక్కా, నేను గొప్ప కోసం అనలేదు. దిగాక తాడు లాక్కుని పారిపోతే? పైన ఉంటే కనీసం కాళ్ల పట్టు ఉంటుంది కదా.

రిటైర్డ్_సవారు
ఇద్దరి మాటలోనూ నిజముంది. తేడా అంతా ఎప్పుడు దిగుతున్నావన్న దాంట్లో ఉంది. అది గిరగిరా తిరుగుతున్నప్పుడు, ముందుకాళ్లు లేపినప్పుడు దిగబోతే రికాబులో కాలు ఇరుక్కుంటుంది, దాని కాళ్ల కింద పడతావు. అప్పుడు పైనే ఉండు, లోతుగా కూర్చో, చూపు దారి మీద పెట్టు. దూరంగా డీజే ట్రాక్టరు కనపడుతోంది, గుర్రం ఇంకా నీ మాట వింటోంది, కానీ అది దగ్గరికొస్తే వినదని నీకు తెలుసు. దిగాల్సింది అప్పుడు. దానికన్నా ముందే గుర్రంతో సహా పక్క చేలోకి తప్పుకుంటే ఇంకా మంచిది. ట్రాక్టరు పోయాక రోడ్డెక్కు. పరువేమీ పోదు.

దిగాక చెయ్యాల్సినవి. రికాబులు పైకి లాగి కట్టెయ్యి, వేలాడుతూ కడుపుకి కొట్టుకుంటే అదొక బెదురు. పగ్గాలు తల మీదుగా ముందుకి తీసుకో. తాడు చేతికి చుట్టుకోకు, మడతలు పెట్టి పట్టుకో. చుట్టుకున్న తాడు బిగుసుకుంటే వేళ్లు పోతాయి. ఇక ఏ పక్క నడవాలన్నది చాలామందికి తెలియదు. మనం రోడ్డుకి ఎడమ పక్క నడుస్తాం కాబట్టి నువ్వు గుర్రానికి కుడి పక్క ఉండాలి. గుర్రానికీ బండ్లకీ మధ్య మనిషి. గుర్రం బెదిరితే నీ నుంచి అవతలికి, అంటే చేల వైపు జరుగుతుంది. నువ్వు ఎడమ పక్క ఉంటే అది నడిరోడ్డు మీదికి జరుగుతుంది. లారీ అన్న చెప్పిన చిక్కు కూడా తీరుతుంది, డ్రైవరుకి నువ్వూ కనపడతావు.

ముంచంగిపుట్టు_మాస్టారు
గుర్రాలన్నీ ఎడమ పక్క నుంచి పట్టుకోవడానికే అలవాటు పడి ఉంటాయి సవారు గారూ. ఒక్కసారిగా కుడి పక్క నుంచి నడిపిస్తే అదే కొత్తవుతుంది.

రిటైర్డ్_సవారు
మంచి మాట చెప్పారు. అందుకే ఇంటి దగ్గర నేర్పాలి. కుడి పక్క నుంచి తాడు పట్టుకుని నడపడం, ఆపడం, వెనక్కి అడుగు వేయించడం, కుడి వైపు నుంచి దిగడం కూడా.

పైన ఉన్నప్పుడు ఒక కిటుకు. ఎడమ పక్క గట్టు మీద ఏదో ఉంది, దానికి బెదురుతోంది అనుకో. మనం సహజంగా తలని దాని వైపు తిప్పి, చూడవే చూడు అంటాం. చేలో అయితే చూపించు, రోడ్డు మీద వద్దు. తల దాని వైపు తిరిగితే ఒళ్లు రోడ్డు మీదికి జరుగుతుంది. కాబట్టి తలని ఆ వస్తువు నుంచి కొంచెం అవతలికి, అంటే కుడికి వంచు, కుడి కాలితో పక్కటెముకల మీద ఒత్తు. ఒళ్లు ఎడమ గట్టు వైపే ఉంటుంది, అడుగు ముందుకే పడుతుంది. ముందు చేలో యూరియా సంచి పెట్టుకుని సాధన చెయ్యి.

ఒంటి పగ్గంతో మెడ వంచి ఆపడం కూడా నడకలో నేర్పి ఉంచు. దౌడులో, అదీ తారు మీద, ఒక్కసారిగా మెడ వంచితే గుర్రం పక్కకి కూలుతుంది. పారిపోతుంటే రెండు పగ్గాలూ బిగబట్టి వేలాడకు, దానికి ఆనుకుని ఇంకా పరిగెడుతుంది. లాగు, వదులు, లాగు, వదులు. చోటుంటే చేలోకి మళ్లించి పెద్ద చుట్టు తిప్పు.

గుర్రమంటే_ప్రాణం
చుట్టు తిప్పడం నేనూ ఒప్పుకుంటా. దిగే విషయంలో మాత్రం నా మాట నాదే. దిగడం అలవాటైతే సవారీ రాదు.

కిన్వట్_కోడలు
మీ మాట మీదే ఉంచుకోండి అన్నా. నవీన్, నువ్వు మాత్రం దిగు.

రాజురా_పశువైద్యుడు
మేత గురించి ఎవరూ అడగలేదు. నవీన్ గారూ, రోజుకి ఎంత దాణా పెడుతున్నారు? ఎంతసేపు కట్టేసి ఉంచుతున్నారు?

బేలరోడ్డు_నవీన్
ఉలవలు ఉడికించి రెండు పూటలా, మక్కలు కూడా. బలంగా ఉండాలని. పత్తి ఏరే రోజుల్లో నాకు తీరదు, పగలంతా కొట్టంలోనే ఉంటుంది.

రాజురా_పశువైద్యుడు
సగం జబ్బు ఇక్కడే ఉంది. పని లేకుండా పగలంతా కట్టేసి ఉలవలు, మక్కలు పెడితే ఆ బలం ఎక్కడికి పోవాలి? గుర్రం కడుపు ఒంటికి చాలా చిన్నది, ఒకేసారి ఎక్కువ దాణా పట్టదు. అది రోజంతా కొంచెం కొంచెంగా గడ్డి మేసే జంతువు. సవారీ లేని రోజు దాణా సగానికి తగ్గించండి, గడ్డి మాత్రం తగ్గించకండి. చేలో వదిలే వీలుంటే రోజూ వదలండి. రోడ్డు మీదికి తీసుకెళ్లే రోజు ముందు చేలో కాసేపు నడిపించి, ఒళ్లు కాస్త వదులయ్యాకే బయల్దేరండి. పస్తు మాత్రం పెట్టకండి.

తారు మీద గీసుకున్నా, ముల్లు గుచ్చుకున్నా ధనుర్వాతం టీకా తప్పనిసరి. ఆ జబ్బు గుర్రాలకి చాలా తేలిగ్గా వస్తుంది, వచ్చాక బతికించడం కష్టం.

ఉట్నూరు_పిల్లోడు
నాడాలు కొట్టిస్తే తారు మీద జారదా?

రిటైర్డ్_సవారు
అరిగి నున్నబడ్డ నాడా ఉత్త గిట్ట కన్నా ఎక్కువ జారుతుంది. నాడాలుంటే వేళకి మార్పించాలి. తారు మీద నడకే, పరుగు వద్దు. వాన పడ్డాక తెల్ల గీతల మీద, కల్వర్టు ఇనప పలకల మీద అసలు పోనివ్వకు.

మనిషి సంగతి కూడా చూసుకో. చెప్పులతో ఎక్కకు. చెప్పు రికాబులో దూరిపోతే పడ్డాక ఈడ్చుకుపోతుంది. మడమ ఉన్న బూటు వేసుకో. హెల్మెట్ తప్పదు. గుర్రపు సవారీ హెల్మెట్ దొరికితే మేలు, దొరక్కపోతే బండి హెల్మెట్టే పెట్టుకో, ఉత్త తలతో మాత్రం వద్దు.

లారీ_44
రోడ్డు పనివాళ్లు వేసుకునే మెరిసే జాకెట్ వేసుకో తమ్ముడూ. చలికాలం పొద్దున పెన్‌గంగ వైపు పొగమంచు ఎలా ఉంటుందో నీకు తెలుసు. నల్ల గుర్రం, నల్ల రోడ్డు, ముందు నాలుగడుగులు కనపడవు. మంచు విడిచే దాకా రోడ్డెక్కొద్దు. మునిమాపు వేళ కూడా వద్దు, ఆ టైములో ఎదురు లైట్లకి మాకు కళ్లు సరిగ్గా కనపడవు.

బేలరోడ్డు_నవీన్
అందరికీ ఏం చెప్పాలో తెలియట్లేదు. రేపే డాక్టర్‌కి చూపిస్తున్నా, నోరు, వీపు, కళ్లు. అప్పటిదాకా రోడ్డు బంద్. దాణా తగ్గిస్తా. కుడి పక్క నుంచి నడపడం ఇవాళ సాయంత్రమే మొదలుపెట్టా, మొదట తలతో నన్ను నెట్టింది, తర్వాత నాలుగైదు అడుగులు వేసింది. అమ్మకి ఈ చర్చంతా చదివి వినిపించా. అమ్మనివ్వను అంది ఇప్పుడు, కానీ రోడ్డు వైపు వెళ్తే కాళ్లిరగ్గొడతానంది, నావి.

బరంపురం_బావ
అమ్మ మాట 132వ సెక్షన్ కన్నా బలమైనది.

లారీ_44
తమ్ముడూ, నేను ఆ రోడ్డు మీద తరచూ వస్తా. నాకు మెసేజ్ పెట్టు. ఖాళీ బండితో వచ్చేటప్పుడు మీ చేను పక్కన మట్టి దారిలో ఆపుతా. ఇంజను ఆన్ చేసి కాసేపు పెడతా, నువ్వు గుర్రాన్ని దూరంగా పట్టుకుని మేపుకో. హారన్ ఎప్పుడు కొట్టాలో నువ్వు చెప్పు, అప్పుడే కొడతా.

రిటైర్డ్_సవారు
ఇంతకన్నా మంచి పాఠం ఎవరికి దొరుకుతుంది! మొదటి రోజు ఇంజను ఆపి ఉన్న బండి చాలు. రెండోసారి ఇంజను. హారన్ చాలా తర్వాత. ఎయిర్ బ్రేకు గాలి మాత్రం నవీన్ తాడు సరిగ్గా పట్టుకున్నాడని చూశాకే వదలండి.